సూది పొడిచే చోటు

మా దీవిమీదికి సునామీ వచ్చిన ఉదయం మా అమ్మ ఇంట్లోంచి పట్టుకుని పరుగెత్తినది ఒక్క ఫ్లాస్కు. అందులో గుడ్డలో చుట్టిన ఇన్సులిన్ సీసాలు రెండు. అవి చెల్లెలివి. మాకు ఫ్రిజ్ లేదు. నాన్న చేపలకోసం తెచ్చే ఐసులోంచే రోజూ నాలుగు ముక్కలు ఆ ఫ్లాస్కులో వేసేవాళ్ళం. ఇల్లు పోయింది, పడవ పోయింది, ఐసూ పోయింది. చౌల్దారీ అనే ఊరి దగ్గర మిట్టమీదున్న బడిలో, ఒకే తరగతి గదిలో ఏడు కుటుంబాలతో సర్దుకున్నాం. సీసాల్ని తడి ఇసుక నింపిన కుండలో పెట్టుకున్నాం.

చెల్లెలికి అప్పుడు పదమూడేళ్ళు. తొమ్మిదో ఏటే దాని ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయింది. సునామీ తర్వాత కొన్నాళ్ళకి ఆసుపత్రి నుంచి మందు మళ్ళీ అందింది. వేళ తప్పకుండా సూది వేసుకున్నా, ఎందుకో షుగరు ఒకరోజు ఆకాశంలో, ఒకరోజు పాతాళంలో. రెండుసార్లు స్పృహ తప్పి నీళ్ళ బకెట్టు పక్కనే పడిపోయింది. మూడోసారి పడితే లేస్తుందా అన్నదే మా అందరి భయం.

నేను చదివింది పదో తరగతి. చాతం దీవిలో రంపం మిల్లు దగ్గర దుంగలు ఎత్తేవాణ్ణి. కానీ పని లేని రోజు పట్నంలో అబర్డీన్ బజార్‌లో బస్సు దిగి నేరుగా లైబ్రరీకి పోయేవాణ్ణి. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లిషు వైద్య పత్రికలు చదువుతున్నానని నాకు చాలా గర్వం. అక్కడే తెలిసింది, క్లోమంలో ఇన్సులిన్ చేసే చిన్న చిన్న కణాల గుంపులుంటాయని, చనిపోయినవాళ్ళ నుంచి వాటిని తీసి రోగి ఒంట్లో పెడుతున్నారని. ఆ గుంపుల్ని దీవులంటారట. దీవుల్లో బతికేవాణ్ణి కదా, ఆ మాటకే ముచ్చటపడిపోయాను.

బడి వరండాలో కూర్చోబెట్టి మావాళ్ళకి చెప్పాను. "క్లోమంలో పెడితే దెబ్బతింటుందట. అందుకని కాలేయానికి పోయే రక్తనాళంలోకి వదులుతారు. ఎలుకలకి మూత్రపిండం పొర కింద పెట్టి చూశారు. పేగులమీది కొవ్వు పొరలో, కంటి ముందు గదిలో కూడా పెట్టి చూశారు."

"కంట్లోనా?" చెల్లెలు నవ్వింది. "నాకొద్దన్నియ్యా. ఏడిస్తే కారిపోతాయి."

నాన్న నవ్వలేదు. "సచ్చినోడివి ఎందుకురా, నావి తియ్యమను. ఎప్పుడెల్దాం?"

అప్పుడైనా నేను ఆపాల్సింది. పత్రికలో సమస్యల గురించి రాసిన పేజీలు సగమే అర్థమయ్యాయని చెప్పాల్సింది. చెప్పలేదు.

ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. నా నోటుబుక్కు డాక్టరు ముందు తెరిచాను. ఆయన పేజీలన్నీ ఓపిగ్గా తిప్పి, "అరే వాహ్, అచ్ఛా పఢా హై" అని, బాగా చదివావని మెచ్చుకున్నాడు. ఆ ఒక్క క్షణం నాకు సంతోషం. తర్వాత హిందీలోనే నాన్నకి నెమ్మదిగా చెప్పాడు: ఈ పాప కణాల్ని చంపింది ఈ పాప ఒళ్ళే. కొత్తవి పెడితే వాటినీ చంపుతుంది. ఆపాలంటే ఒంటి కాపలాని బతికినంతకాలం నిద్రపుచ్చే మందులు మింగాలి. ఈ తడిలో, ఈ జ్వరాల మధ్య, క్యాంపులో, కాపలా లేని పిల్ల ఎన్నాళ్ళుంటుంది? పైగా ఇక్కడ అది చేసేవాళ్ళూ లేరు.

నాన్న నావైపు తిరిగాడు. "నా గుంటే, నా కూతురే కదరా. నా రగతమే కదా. నాదెందుకు తోసేస్తాది? అడుగు."

నేను హిందీలో అడిగాను.

"సగమే నీది బాబా," అన్నాడు డాక్టరు. "సగం వాళ్ళమ్మది. ఆ సగం తేడా చాలు."

నాన్న తన పొట్టమీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. వల వేసే ఆ చెయ్యిని అంత ఖాళీగా నేనెప్పుడూ చూడలేదు.

బయటికొస్తుంటే, సూదులిచ్చే నర్సు దీదీ చెల్లెల్ని తెర వెనక్కి తీసుకెళ్ళింది. కాసేపటికి నన్ను పిలిచింది. "భయ్యా, ఎప్పుడైనా చూశావా? కుడి తొడమీద కోడిగుడ్డంత గడ్డ. రోజూ అక్కడే పొడుచుకుంటోంది. అక్కడ నొప్పి తెలీదు. మందూ సరిగ్గా ఎక్కదు. ఒకరోజు ఎక్కుతుంది, ఒకరోజు ఎక్కదు."

"పొట్టమీదో, చేతిమీదో వేసుకోవచ్చు కదే?" అన్నాను చెల్లెలితో.

అది తల వంచుకుంది. "ఆ గదిలో అంతమంది మగాళ్ళున్నారు. బట్ట ఎత్తి ఎలా వేసుకుంటానన్నియ్యా? అమ్మ కొంగు కింద అక్కడే అందుతాది."

ఎలుకకి ఎక్కడెక్కడ పెట్టారో నాకు కంఠతా వచ్చు. ఒకే గదిలో పడుకునే చెల్లెలు సూది ఎక్కడ పొడుచుకుంటోందో తెలీదు. తెలుసుకోవాలని తోచనే లేదు.

డాక్టరు మోతాదు కొంచెం తగ్గించాడు. చోటు మారిస్తే మందు బాగా ఎక్కి షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చని, చక్కెర దగ్గర ఉంచుకోమని చెప్పాడు. తిరుగు బస్సు కిటికీలోంచి, ఉప్పునీళ్ళు ఎక్కి మళ్ళీ దిగని వరిచేలు కనిపిస్తూ పోయాయి.

ఆ సాయంత్రం నోటుబుక్కులో ఒక బొమ్మ గీసి ఏ రోజు ఎక్కడ పొడుచుకోవాలో గుర్తులు పెట్టాను. గది మూలలో పాత చీర తెరలా పట్టుకున్నాం, ఒక కొస నాన్న, ఒక కొస నేను.

"అటు తిరగన్నియ్యా," అంది లోపల్నించి.

తిరిగాను. ఎదురు గోడమీద పిల్లలకోసం రాసిన ఎక్కాలున్నాయి. నాన్న కూడా అటే తిరిగి, వాటిని చదువుతున్నట్టు పెదాలు కదుపుతున్నాడు. ఆయనకి చదువు రాదు. చెల్లెలు ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చడం వినిపించింది. కొత్త చోటు, నొప్పి పుట్టినట్టుంది. చీర వదలకుండా నిలబడ్డాను.