పదకొండో పేజీలో తీసేసిన పేరా

ఆ కాలేజీలో ఆమెను అందరూ కామా అక్క అనేవాళ్లు. నోటీసులో ఒక్క కామా తప్పిపోయినా, ప్రిన్సిపాల్ సంతకం పడ్డ కాగితమైనా సరే, వెనక్కి పట్టుకొచ్చి దిద్దేది. ఇరవై ఆరేళ్లుగా ఆఫీసులో ఆమెది ఇదే వరస.

అది చిన్న కాలేజీ. మూడు పెంకుల భవనాలు, మూడు వందల నలభై మంది పిల్లలు. సంగీతంతో గణితం, చరిత్రతో తత్వశాస్త్రం, ఎవరికి నచ్చింది వాళ్లు కలిపి చదువుకోవచ్చు. ఈ సంగతులన్నీ రాసి, కొత్తగా చేరేవాళ్ల కోసం ఏటా ఒక పరిచయ పుస్తకం వేసేవారు. దాన్ని తయారుచేసేది ఆమే. కాలేజీ గురించి నిద్రలో లేపి అడిగినా గడగడా చెప్పేది కానీ, అక్కడ ఒక్క తరగతిలోనైనా కూర్చుని ఎరగదు.

ఆ సంగతి కనిపెట్టింది తత్వశాస్త్రం మాస్టారు ఒక్కరే. తన శాఖ గురించిన పేరా చూసుకోవడానికి వచ్చినప్పుడల్లా, "వెనక బెంచీ ఖాళీయే తల్లీ. మధ్యాహ్నం ఓ గంట వచ్చి కూర్చోవచ్చుగా" అనేవారు. వచ్చే ఏడు తప్పకుండా వస్తానని ఆమె అనేది. అలా అంటూనే పద్దెనిమిదేళ్లు గడిపేసింది.

ఒక వేసవిలో ప్రిన్సిపాల్ పిలిచి ఆ పేరా తీసేయమన్నాడు. ఆ శాఖలో చేరేది ఏడాదికి నలుగురైదుగురే కాబట్టి మూసేస్తారట. నెలాఖరున పాలకమండలి ఊ అనడమే తరువాయి. అంతవరకూ మాట గది దాటకూడదని గట్టిగా చెప్పాడు. ఆమె వెళ్లి ఆరు వాక్యాలూ తీసేసింది. కింద ఉన్న సంగీతం పైకి జరిగి ఆ చోటు పూడ్చేసింది.

సమావేశానికి ఇంకా మూడు వారాలుంది. మాస్టారు రోజూ పొద్దున్నే ఆమె బల్ల దగ్గరే హాజరు పట్టీలో సంతకం పెట్టి, ఆమె తల్లి మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగి వెళ్లేవారు. చెప్పాలనుకుంటూనే ఆమె పట్టీ మూసేసేది. ఉద్యోగం పోతుందేమోనని భయం కొంత, పెద్దవాళ్ల వ్యవహారం మనకెందుకులే అన్న సర్దుబాటు కొంత. ఒకరోజు ఉండబట్టలేక మెట్లదాకా వెంట వెళ్లింది. ఆయన ఆగి, ఏమ్మా అన్నారు. రేపు సెలవన్న నోటీసు చూశారా అని అడిగి తిరిగొచ్చేసింది.

శాఖ మూసేయాలని పాలకమండలి పావుగంటలో తేల్చేసింది. పుస్తకాలు అచ్చయి వచ్చాక, మాస్టారు ఒకటి చేత్తో పట్టుకుని ఆఫీసుకొచ్చారు.

"పదకొండో పేజీలో మేం లేం," అన్నారు మెల్లగా. "ముందే తెలిసుంటే వాళ్ల ముందు ఒక్కసారి మాట్లాడనివ్వమని అడిగేవాణ్ణి. పాత విద్యార్థులు ఉత్తరాలు రాసేవాళ్లు. నీకేమైనా తెలుసా తల్లీ?"

"తెలీదండీ. ప్రెస్సులో మార్పించినట్టున్నారు."

ఆ జవాబు ఆమె మూడు రోజుల ముందే సిద్ధం చేసి పెట్టుకుంది. ఆయన తలూపి వెళ్లిపోయారు. మిగిలిన పిల్లలకు ఆ ఏడు పాఠం పూర్తిచేసి, పుస్తకాలు సర్దుకుని తమ్ముడి ఊరికి మారిపోయారు.

రెండేళ్లు ఆమెకు అన్నం సయించింది కానీ మనసు కుదుటపడలేదు. చివరికి ఒక ఆదివారం బస్సెక్కి వెళ్లింది. మాస్టారు వసారాలో కూర్చుని బఠానీలు వలుస్తున్నారు. కూర్చోమన్నా కూర్చోకుండా, జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

"ఆ రోజే తెలుసమ్మా," అన్నారాయన. "నువ్వు నా ముఖం చూడకుండా మాట్లాడటం అదే మొదటిసారి. ఉద్యోగం చేసుకునే మనిషివి, అబద్ధం ఆడావని నాకు పట్టింపు లేదు. ఆ మూడు వారాలే..."

"క్షమించండి మాస్టారూ."

"క్షమించాననే అనుకో. కానీ నేను మాట్లాడి ఉంటే ఏమయ్యేదో నాకూ తెలీదు, నీకూ తెలీదు. అది ఇక ఎప్పటికీ తెలీదు."

లోపలికి వెళ్లి టీ పెట్టి తెచ్చారు. బస్సు దాకా తోడొచ్చారు. దారిలో ఆమె తల్లి మోకాలి గురించి అడిగారు. కాలేజీ ఊసు మాత్రం ఆయన ఎత్తలేదు, ఎత్తడానికి ఆమెకు నోరు రాలేదు.