చప్పట్లు కొట్టని బాబాయ్ గారు

మా కింది ఇంటి బాబాయ్ గారు పోయారు. శనివారం మధ్యాహ్నం, మ్యూనిక్‌లో, ఐస్ హాకీ హాల్లో, యూరప్ దేశాల జట్ల టోర్నమెంటు చూస్తూ చూస్తూ నా పక్క సీట్లో పోయారు. ఈ వాక్యం రాసి మళ్ళీ చదువుకుంటే ఇంకెవరి గురించో రాసినట్టుంది. ఆ పొద్దున ఆయనే పైకొచ్చి మా బెల్లు కొట్టి, "ఏవమ్మా, తెమిలావా? ఆట మొదలయ్యాక పోతే సగం పుణ్యమే" అన్నారు. అలా అన్న మనిషి సాయంత్రానికి లేకపోవడం ఏమిటో నాకింకా తలకెక్కడం లేదు.

మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. "జర్మనీ గోల్ కొట్టగానే లేచి నిలబడి, చప్పట్లు కొడుతూ, నవ్వుతూ కన్నుమూసిన ధన్యజీవి" అని. రాసినవాళ్ళ మనసు మంచిదే, కాదనను. కానీ ఆయన లేవలేదు. చప్పట్లు కొట్టలేదు. అసలది గోలే కాదు. పక్కన కూర్చున్నదాన్ని నేను గనుక ఈ నాలుగు మాటలు రాయకపోతే ఆయన నన్ను ఊరికే వదలరు.

బాబాయ్ గారిది తెనాలి దగ్గర. మనవాళ్ళని ఇక్కడ వేళ్ళ మీద లెక్కపెట్టే రోజుల్లో చదువుకి వచ్చి, మ్యూనిక్ పక్కనే గార్చింగ్‌లో ఒక పరిశోధన సంస్థలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. నేను కరీంనగర్ నుంచి బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద వచ్చి పై అంతస్తులో దిగేనాటికి ఆ ఇంటి గుమ్మంలో ఎప్పుడు చూసినా విద్యార్థుల చెప్పులే. ఒకడికి ఆన్‌మెల్డుంగ్‌కి, అంటే చిరునామా నమోదుకి, ఆఫీసులో టెర్మిన్ దొరకలేదు, ఇంకొకడికి రూము దొరకలేదు. ఆయన కాగితాలు చూసేవారు, పిన్ని ఉప్మా పెట్టేది. ఆ ఇంట్లో ఉప్మా తినని తెలుగువాడు ఈ చుట్టుపక్కల ఉన్నాడంటే నమ్మను.

మనకందరికీ ఆయన పెద్దదిక్కు. ఆయన లెక్కలో మాత్రం ఆయన ముందుగా గోల్ జడ్జి. పూర్వం ఐస్ హాకీలో ఒక్కో గోలు వెనక ఒక అద్దాల పెట్టె ఉండేదట. అందులో ఒక మనిషి కూర్చుని, నల్లటి రబ్బరు బిళ్ళ ఎర్రగీతని పూర్తిగా దాటగానే మీట నొక్కేవాడు. నొక్కితే ఎర్ర దీపం వెలిగేది. చదువుకునే రోజుల్లో బాబాయ్ గారు ఆ హాల్లోకి దూరింది ఆట మీద మోజుతో కాదు. "బయటకన్నా ఐసు హాల్లోనే వెచ్చగా ఉండేదమ్మా" అని నవ్వేవారు. రోజూ వచ్చి కూర్చునే ఈ నల్లటి కుర్రాణ్ణి క్లబ్బు పెద్దాయన ఒకడు చూసి, "నీకెలాగూ ఏ జట్టూ లేదు, వచ్చి పెట్టెలో కూర్చో" అన్నాడట. ఉద్యోగం చేస్తూ కూడా వారాంతాల్లో ఆ పెట్టెలో కూర్చుంటూనే ఉన్నారు.

పెట్టెలో కూర్చున్నవాడు చప్పట్లు కొట్టకూడదు. తర్వాత కెమెరాలొచ్చి పెట్టెతో పని లేకుండా పోయింది, ఆయన అలవాటు మాత్రం పోలేదు. హాలంతా లేచి గంతులేస్తున్నా ఆయన చేతులు మోకాళ్ళ మీదే. కదిలేది కుడి బొటనవేలు ఒక్కటే. బిళ్ళ గీత దాటిందంటే ఆ వేలు ఒళ్ళో కప్పుకున్న బూడిదరంగు దుప్పటిని నొక్కేది, అక్కడ చిన్న గుంట పడేది. దీపం వెలిగేది ఆ తర్వాతే. ఆట నాకు సగమే అర్థమయ్యేది, అందుకని నేను ఐసునీ ఆ వేలునీ మార్చి మార్చి చూసేదాన్ని.

ఒకసారి ఇలాంటి దేశాల టోర్నమెంటులోనే ఆయన్ని పెట్టెలో కూర్చోబెట్టారట. జర్మనీ మీద స్విట్జర్లాండ్ కొట్టిన బిళ్ళ గీత దాటింది. దాటిందని ఆయన తప్ప ఎవరూ ఒప్పుకోలేదు. దీపం వెలిగించారు. వెనకనుంచి బీరు గ్లాసులు వచ్చి అద్దానికి తగిలాయి. అప్పటికి ఆయన జర్మన్ పౌరసత్వం దరఖాస్తు ఆఫీసులో నలుగుతోంది. పిన్ని ఆ కథ ఎప్పుడు చెప్పినా కొత్తగా మండిపడేది. "ఆ ఒక్క గోలు మింగేస్తే ఏం పోయేదండీ? పాస్‌పోర్టు ఇవ్వరేమోనని నాకు నిద్ర పట్టింది కాదు!" ఆయన జవాబూ ఎప్పుడూ ఒక్కటే: "దాటింది. నన్నేం చెయ్యమంటావ్?"

"చూశావా, అనుకున్నావా?" అన్నది ఆయన ఊతపదం. ఒకసారి నేను ఏడుపు మొహంతో వాళ్ళింటికి దిగాను.

"నన్ను ఉద్యోగంల నుంచి తీసేస్తున్నరు బాబాయ్ గారూ. బ్లూ కార్డు గూడ పోతది."

"తీసేస్తామని ఎవరన్నా అన్నారా?"

"అనలే. గని మీటింగుకు పిలువలే."

"అంటే పిలవకపోవడం నువ్వు చూసింది. తీసేయడం నువ్వు అనుకుంది. రెండూ కలిపి పులుసు పెట్టకమ్మా."

మేనేజరు సెలవు మీద పోయి మీటింగే రద్దయిందని మర్నాడు తెలిసింది. ఆ కబురు చెప్పడానికి వెళ్తే గెలిచినట్టు మొహం కూడా పెట్టలేదు, కాఫీ ఇచ్చారు. ఇంకోసారి ఉగాదికి పులిహోర పోటీ పెట్టి ఆయన్ని జడ్జిగా కూర్చోబెట్టాం. మనకి బుద్ధి లేదు. సొంత భార్య పులిహోరకి మూడో స్థానం ఇచ్చారు. వారం రోజులు ఆ ఇంట్లో పెరుగన్నమే నడిచిందని విన్నాను. చూడలేదు.

శనివారం జర్మనీకీ స్లొవేకియాకీ ఆట. పిన్ని ఫ్లాస్కులో అల్లం టీ పోసిచ్చింది. రెండో విరామంలో నేను మూత తియ్యబోతే, "ఇప్పుడొద్దు, కళ్ళజోడుకి ఆవిరి పడుతుంది. ఆటయ్యాక తాగుదాం" అన్నారు. నేను విన్న ఆయన ఆఖరి మాట అదే. టీ గురించి. ఇంకేదైనా పెద్దమాట అన్నారా అని చాలామంది అడిగారు. లేదండీ, టీ గురించే.

ఆట చివర్లో జర్మనీవాళ్ళు గోలు ముందు గుంపుగా పడ్డారు. బిళ్ళ గోల్ కీపరు కింద ఎక్కడో ఇరుక్కుంది. హాలు హాలంతా లేచి అరిచింది. నేనూ లేచాను. ఆటగాళ్ళు కావలించుకుంటుంటే రెఫరీ మాత్రం వీడియో చూడడానికి వెళ్ళాడు. నేను ఆయన వైపు వంగి, "బాబాయ్ గారూ, గోలేనా? చెప్పుండ్రి" అన్నాను. పలకలేదు. వేలు వంక చూశాను. దుప్పటి మీద ఊరికే ఆని ఉంది, గుంట పడలేదు. తల కొంచెం వంచి ఉన్నారు. దీక్షగా ఆలోచిస్తున్నారనుకున్నాను. అనుకున్నాను, అంతే.

రెఫరీ తిరిగొచ్చి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. గోల్ కాదు. అందరూ ఉసూరుమని కూర్చున్నారు. "మీరు ముందే చూసిండ్రు గదా" అంటూ నేను ఆయన భుజం తట్టాను. ఆయన నా మీదికి ఒరిగిపోయారు.

హాల్లో ఉండే డాక్టరు పరుగున వచ్చాడు. మెట్ల మీదే పడుకోబెట్టి చేయాల్సిందంతా చేశాడు. ఐసు మీద ఆట ఆగిపోయింది. గుండె అన్నాడు. ఆస్పత్రినుంచి పిన్నికీ వాళ్ళబ్బాయికీ ఫోన్ చేసి, ఫ్లాస్కు చంకలో పెట్టుకుని ఊబాన్ రైలెక్కి ఇంటికొచ్చాను. వంటింట్లో నిలబడి ఎందుకో మూత తీశాను. టీ ఇంకా పొగలు కక్కుతోంది. అప్పుడొచ్చింది ఏడుపు. మనిషి చల్లబడిపోయాడు, టీ వేడిగా ఉంది. ఇదేం న్యాయం?

నిన్న పిన్ని దగ్గరికి వెళ్ళాను. హాంబుర్గ్ నుంచి వచ్చిన కొడుకు కాగితాల పని మీద బయటికెళ్ళాడు. ఆవిడ ఒక్కతే సోఫాలో, ఒళ్ళో ఆ బూడిదరంగు దుప్పటి. చేతిలో ఫోను, అందులో ఆ మెసేజ్.

"చప్పట్లు కొట్టారా మీ బాబాయ్?"

"కొట్టలే పిన్నీ."

"కన్నకొడుకు స్టేజీ ఎక్కి పాడితేనే కొట్టని మనిషి. వీళ్ళెవరూ ఆయన్ని ఎరగరు." ఫోను పక్కన పెట్టింది. "నువ్వు చెప్పు. బాధపడ్డారా? నన్ను పిలిచారా?"

ఇంతకన్నా కష్టమైన ప్రశ్న నన్నెవరూ అడగలేదు. "నేను ఐసు దిక్కు చూస్తున్న పిన్నీ. ఆయన దిక్కు చూడలే."

పిన్ని దుప్పటి అంచు గుప్పిట్లో పట్టుకుంది. "అంత జనంలో, ఎవరూ చూడకుండా, ముందే ఎప్పుడో పోయారా? లేకపోతే ఆ చివరిదాకా చూస్తూనే ఉన్నారా? నాకదొక్కటీ తెలిస్తే చాలే." మళ్ళీ తనే అడిగింది. "వేలు?"

"ఆనిచ్చి ఉండె. నొక్కలే."

"గోలు కాదన్నారు కదూ?"

"కాదన్నరు."

"మరి అంతే." కళ్ళు తుడుచుకుంది. "చూశారు. కాదు కాబట్టే నొక్కలేదు."

అప్పటికే పోయిన మనిషి వేలు కూడా నొక్కదు. ఆ సంగతి నాకు తెలుసు. ఇన్నేళ్ళు ఆయనతో కాపురం చేసిన ఆవిడకి తెలియకపోదు. "చూశావా, అనుకున్నావా?" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆయనే లోపల గదిలోంచి అడుగుతారేమోనని అటు చూశాను కూడా. ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

పిన్ని ఒళ్ళోని దుప్పటిని సాపుచేసి, మోకాలి దగ్గర తన బొటనవేలు ఆనించి, మెల్లగా నొక్కింది. చిన్న గుంట పడింది. వేలు తీశాక కూడా అది కాసేపు అలాగే ఉంది.