గుట్ట మీది జాలుకు నిప్పంటిన ఎండాకాలం

మా చిన్నప్పుడు... గుట్టెక్కి అడవి దాటితే నేల కదిలేది!

నిజం. తుంగ దుబ్బుల మధ్య కాలు మోపితే పది అడుగుల అవతల గడ్డి తల ఊపేది. పైన అల్లుకున్న వేళ్ళు, కింద నీళ్ళు... మా మేనత్త దాన్ని 'జాలు' అనేది. ఎంత చల్లని మాట! ఆమె అక్కడే తుంగ కోసి, చాపలల్లి ఖేడ్ అంగడిలో అమ్మేది. ఎండాకాలం ఊరి పశువులకు పచ్చగడ్డి దొరికేదీ అక్కడే.

మా బాపు ఎప్పుడూ ఇంకొకరి చేనే దున్నేవాడు. జాలు ఎండగొడితే మాకంటూ ఒక చేను ఉంటుందని ఆయన ఆశ. చలికాలమంతా కాలువ తవ్వాడు. నీళ్ళన్నీ గుట్ట దిగి వాగులో కలిశాయి.

"దాని పానం తీస్తున్నవ్ తమ్మీ" అంది మేనత్త.

"ఊకో అక్కా! వచ్చే ఏడు గీడ జొన్న కోస్తవ్. ఇగ చాపలెందుకు నీకు?"

ఎండలు ముదిరాక, అందరూ మోళ్ళు కాల్చి చెలక సాపు చేసినట్టే, బాపు ఎండిన తుంగకు నిప్పు పెట్టాడు. సాయంత్రానికి మంట ఆరింది. సంబరంగా ఇంటికొచ్చాం.

తెల్లారి మేనత్తతో కలిసి వెళితే... మంట లేదు. ఒక్క పిట్ట కూత లేదు. నేలలోంచి మాత్రం సన్నగా పొగలు... నా అరికాళ్ళకు వేడి తగిలింది.

"ఏందక్కా గిది? ఆరింది గద!"

మేనత్త కొడవలి మొన నేలలోకి దించి తీసింది. దానికి ఎర్రటి రవ్వలు అంటుకుని వచ్చాయి.

"మీద ఆరిందిరా. అగ్గి వేర్లల్లకు దిగింది."

అంతలో మా ముందే ఒకచోట నేల చప్పుడు లేకుండా కుంగింది. బాపు నన్ను చంకనేసుకుని బండ మీదికి ఉరికాడు.

వాగు నుంచి కుండలతో నీళ్ళు మోసి పోసినా ఆరలేదు. రోజూ కొంచెం కొంచెంగా పాకుతూనే ఉంది... ఇంట్లో రొట్టె కూడా పొగ వాసనే. నాలుగోనాడు బాపు పార తీసుకుని, తను తవ్విన కాలువను తానే పూడ్చడం మొదలుపెట్టాడు.

"మనకు చేను వద్దా బాపూ?"

"జాలు బతికితే సాలు బిడ్డా."

మేనత్త తట్టతో మన్ను అందించింది.

తొలకరికి నిప్పు చల్లారింది. కానీ వాననీళ్ళు నిలవలేదు, బూడిదలోకి ఇంకిపోయాయి. ఇప్పుడక్కడ జొన్నా పండదు, తుంగా మొలవదు. పశువులను మేతకు ఎంతో దూరం తోలుకుపోవాలి.

బాపు ఇప్పటికీ పడుకునే ముందు మా పొయ్యి దగ్గర కూర్చుని, ఆరిన బూడిదలో చెయ్యి పెట్టి చూస్తాడు...

మీ వైపు కూడా ఇలా ఎండిపోయిన నీటి నేలలున్నాయా? మీ పెద్దవాళ్ళు వాటినేమని పిలిచేవారో రాయండి... పేర్లయినా మిగులుతాయి.