పాత డిస్క్‌లోనే ఉండిపోయిన బూట్‌లోడర్

పాప పుట్టాక మూడేళ్లకు మళ్లీ ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నాను. ఈ రోజు మూడింటికి ఆన్‌లైన్ పరీక్ష. కంప్యూటర్ మరీ నెమ్మదిగా ఉందని నిన్న దిల్‌సుఖ్‌నగర్ షాపులో ఎస్‌ఎస్‌డీ అనే కొత్త డిస్క్ పెట్టించి, విండోస్ అందులోకి మార్పించాను. పాత డిస్క్ వాళ్లే తీసేశారు. తీరా మధ్యాహ్నం రెండున్నరకు ఆన్ చేస్తే నల్ల తెర! సీపీయూ ఒళ్లో పెట్టుకుని ఎల్‌బీ నగర్‌లోని ఇంటి నుంచి ఆటోలో అదే షాపుకు పరుగెత్తి, షాపతన్ని నిలదీశాను.

"అంతా కొత్తదాంట్లకు మార్చిన అన్నవు గదన్నా?"

"విండోస్ మార్చినక్కా. గని దాన్ని లేపే బూట్‌లోడర్ పాతదాంట్లనే ఉండిపోయింది."

"పాతది తీసినంక ఒక్కసారన్న ఆన్ చేసి చూడొద్దా?"

"నువ్వు గూడ చూడలే గదక్కా!"

పది నిమిషాల్లో బాగుచేశాడు. అప్పటికే మూడున్నర. పరీక్ష వాళ్లకు ఫోన్ చేసి ఇంకో అవకాశం అడిగితే, "మాకు కంప్యూటర్ తెలిసినవాళ్లే కావాలి మేడమ్" అని పెట్టేశారు.

మీరైతే ఎవరిని తిట్టేవాళ్లు?