దొరను ఏమని రాయాలి

పక్కింటి ఒమానీ వాళ్ళు సాయంత్రం లుబాన్ పొగ వేస్తే ఆ వాసన కిటికీ సందుల్లోంచి నా గదిలోకి వస్తుంది. మన సాంబ్రాణి లాంటిదే. నాకు మాత్రం దేవుడు గుర్తురాడు, మస్కట్ దగ్గరి బౌషర్‌లో మేడమ్ పుస్తకాల గది గుర్తొస్తుంది. పురుగు పట్టకుండా ఆమె రోజూ అక్కడ లుబాన్ వేయించేది. యాభైకి దగ్గరపడ్డాక, ఆ పొగలో దగ్గుతూ నేను అఆలు దిద్దాను.

మేడమ్‌ది ఐర్లండు. మస్కట్‌లో చాలాకాలం పాఠాలు చెప్పి ఇక్కడే ఉండిపోయింది. సరిహద్దు ఊరు బురైమిలో ఒక ఇంట్లో పనిమనిషిగా పడరాని పాట్లు పడి, బయటపడి, ఆమె దగ్గర పనికి చేరాను. ఇంగ్లీషు నేర్పమంటే ఒప్పుకోలేదు. "ముందు నీ భాష నేర్చుకో, ఓబులా" అంది వచ్చీరాని హిందీలో. శుక్రవారాలు తోటపనికి వచ్చే జగిత్యాల మల్లయ్యకు ఆ పని అప్పగించింది. మిగతా రోజులు అతనికి అమెరాత్‌లో కంపెనీ బిల్డింగు సైట్ డ్యూటీ.

"అక్కా, నీ 'ణ' జిలేబి లెక్కున్నది" అనేవాడు.

"అయితే నువ్వే తిను నాయనా" అనేదాన్ని.

మేడమ్ అప్పుడు ఒక పుస్తకం రాస్తోంది. రెండు వందల యాభై ఏళ్ళ కిందట తన వంశంలో పుట్టిన ఒక భూస్వామి జీవితం. ఇంగ్లండు నుంచి వచ్చి ఐర్లండు భూములు పట్టిన కుటుంబం వాళ్ళది. ఆ భూస్వామి డబ్లిన్‌లోని ఐర్లండు చట్టసభలో సభ్యుడై, ఇంగ్లండు పెత్తనం ఇక చాలని సభ దద్దరిల్లేలా మాట్లాడాడట. సొంత ఊళ్ళో మాత్రం గొర్రెల మేతకు నేల కావాలని కౌలుదారులను నడి చలికాలంలో వెళ్ళగొట్టించాడు. మళ్ళీ రాకుండా ఇళ్ళ పైకప్పులు పీకించాడు. కౌలుదారుల మతం వేరు, వాళ్ళకు ఓటు లేదు. అడిగేవాళ్ళూ లేరు.

శుక్రవారం మేడమ్ తాను రాసింది మాకు హిందీలో చెప్పేది. దాన్ని నేను తెలుగులో తిరిగి చెప్పి, రెండు ముక్కలు రాయాలి. అదే నా పాఠం. ఒకరోజు "దొరగారు అప్పుడు ఏం చేసినారంటే" అని మొదలుపెట్టాను. మల్లయ్య పార కింద పెట్టాడు.

"ఏ దొరగారక్కా? ఇండ్లు పీకిచ్చినోడా?"

"మా కడప పక్క తెల్లోళ్ళను దొరలనే అంటాం గదప్పా. పెద్దాయన గదా."

"మా దిక్కు దొరంటే కోటసొంటి గడిల కూసుండేటోడు. మా తాత ఆ గడి ముంగట చెప్పులు చేతుల పట్టుకొని నడిచిండు. అసొంటోన్ని 'ఆయన' అననీకి నాకు నోరు రాదు. వాడు."

తగువు ఏమిటని మేడమ్ అడిగింది. మా భాషలో 'ఆయన' ఉందని, 'వాడు' ఉందని, ఏదో ఒకటి ఎంచుకోవాల్సిందేనని మల్లయ్య విడమరిచాడు. మధ్యలో 'అతను' ఉంది గానీ అది పేపరోళ్ళ మాటన్నాడు.

మేడమ్ తన కాగితంలో ఒక మాట కింద గీత గీసింది. "ఇంగ్లీషులో మాకు ఒకటే మాట. రాజుకూ అదే, దొంగకూ అదే. ఆ మాట చాటున ఎన్నాళ్ళుగా దాక్కున్నానో" అంది. అప్పటినుంచి ఏ పేజీ చెప్పినా "ఇక్కడ ఏది?" అని అడిగేది. సభలో మాట్లాడినచోట 'ఆయన' అనేదాన్ని. పైకప్పుల దగ్గరికి వస్తే నా నోరు తడబడేది.

ఆ చలికాలం ఆమెకు కాలేయం జబ్బు బయటపడింది. ఐర్లండులో పూర్వీకుల బంగళాలో ఉన్న తమ్ముడు ఫోన్ చేశాడు. పుస్తకంలోంచి పైకప్పుల సంగతి తీసేయాలి, లేదంటే అక్కడి సమాధుల్లో అమ్మ పక్కన నీకు చోటు ఉండదన్నాడు. మేడమ్ ఫోన్ పెట్టేసి ఆ మాట నాతో చెప్పి, "నువ్వేమంటావు?" అంది.

"తీసేయండి మేడమ్. సచ్చినాక అమ్మ పక్కన పండుకోవాలని ఎవురికుండదు?"

"ఆ ఇళ్ళల్లో ఉన్నవాళ్ళకూ అమ్మలు ఉండే ఉంటారు" అని కళ్ళు మూసుకుంది.

తీయలేదు. మస్కట్‌లోనే, కొండ కింద రాతినేలలో ఆమెను పూడ్చిపెట్టారు. తమ్ముడు రాలేదు. కంపెనీ జీతం కోస్తుందని తెలిసినా మల్లయ్య వచ్చాడు. పిడికెడు మట్టి తీయబోయి, "నేల మస్తు గట్టిగున్నదక్కా, పెద్దమ్మకు ఒత్తుకుంటది" అన్నాడు. అతను ఆమెను మేడమ్ అనకపోవడం అదే మొదలు.

పుస్తకం అచ్చయిందని విన్నాను. ఇంగ్లీషు నాకు రానే లేదు, చదవలేను.

బురైమిలో నా పాస్‌పోర్టు దాచుకుని, మా అమ్మ చనిపోయిందని కబురొచ్చినా తలుపు తాళం తీయని మనిషి గురించి ఇన్నేళ్ళూ నా కూతురికి చెప్పినప్పుడల్లా 'సారు' అన్నాను, 'ఆయన' అన్నాను. ఇప్పుడు ఆ కథ నా చేత్తో రాస్తున్నాను. మొదటి వాక్యం దగ్గరే కలం ఆగింది. ఇక్కడ ఏది, అని మేడమ్ అడిగినట్టే ఉంది.

వాడు, అని రాశాను.