సరివి తోపు మీద మందు పడకుండా

"మేయ్, నేనొచ్చేదాకా సరివి చెట్ల మీద మందు పడనీయొద్దు."

"పోయిరా పో. పడనీయను."

మా ఆయనా నేనూ ఆడుకున్న ఆఖరు మాటలు అవే. ఒళ్లు కాలిపోయే జ్వరంతో చిలమత్తూరులో హిందూపురం ఆస్పత్రికని బస్సెక్కాడు. మరిది వెంట వెళ్లాడు. అరవైలు మొదలైన కాలం అది. ఫారెస్టు వాళ్ల సరివి తోపుకు, సరుగుడు అంటారే దానికి, ఆయన కాపలా. ఆయన బదులు నేను ఉండిపోయాను.

ఆ ఏడాది చెట్లకు కొత్త పురుగు పట్టింది. కొమ్మలకు దూది అతికించినట్టు తెల్లగా ఉండేది. పరదేశం నుంచి మొక్కల వెంట వచ్చిందన్నారు. దాన్ని తినడానికి బెంగళూరు నుంచి ఒకాయన పెట్టెలో ఎర్ర పురుగులు తెచ్చి వదిలాడు. కందిబేడంత కూడా లేవు, ఒంటి మీద నల్లమచ్చలు. మందు పడితే ముందు చచ్చేది అవేనని మా ఆయనకు చెప్పిపోయాడు. అవి పిల్లలు పెట్టిన రోజు మా ఆయన, ఇంట్లో బర్రె ఈనినట్టు, పరుగున వచ్చి చెప్పి, నన్ను తీసుకుపోయి చూపించాడు.

ఆయన వెళ్లిన మరునాడే ఫారెస్టు మేస్త్రీ కూలివాళ్లతో దిగాడు. చెనక్కాయ చేలకు చల్లే మందుపొడి తెచ్చాడు. గుడ్డ మూటల్లో పోసి, కర్రలకు కట్టి, చెట్ల మీద దులపబోయారు.

"చూడక్కా, తెల్లది సాలదని ముడతల పురుగు గూడా పట్టిండాది."

"అన్నా, అవి ఎర్రపురుగుల పిల్లలు. తల్లిని పోలవు."

"నువ్వేమన్నా వాటికి మంత్రసానివా?"

కూలివాళ్లు నవ్వారు. నేను చెట్లకు అడ్డం నిలబడ్డాను. గాలి తోపు వైపే కొడుతోంది. ఒక్క మూట దులిపితే చాలు, ఎర్రవన్నీ చస్తాయి.

"పక్కకు పో. చెట్లు ఎండితే మీ ఇంటాయన పని పోతాది."

"పోనీ. ఆయప్ప వచ్చేదాకా ఆగు."

అతను మూట ఎత్తాడు. కర్ర పట్టుకుని వేలాడాను. పొడి నా తల మీద రాలింది, కళ్లు మండిపోయాయి. అయినా వదల్లేదు. ఇంతలో కూలికొచ్చిన ఒకామె కొమ్మ వంచి అరిచింది:

"అన్నో, ఈ ముడతలది దూదిలో తల పెట్టి తింటాండాది, సూడు!"

మేస్త్రీ వంగి చాలాసేపు చూశాడు. మూట దించాడు.

"మీ ఆయన రానీ, ఆయప్పనే అడుగుతా."

పొద్దు వాలేసరికి మరిది ఒక్కడే బస్సు దిగాడు. మా ఆయన తెల్లవారుజామునే పోయాడట. నేను కర్రకు వేలాడేసరికే ఆయన లేడు.

వానలు పడేనాటికి కొమ్మల మీద తెలుపు పోయింది, తోపు మళ్లీ పచ్చబడింది. ఆ సంగతి ఆయనకు చెప్పుకోలేకపోయాను. అందుకే మా అన్న కూతురివైన నీ చేత ఇదంతా రాయిస్తున్నాను. ఆయన ఎదురుగా కూర్చుని వింటున్నట్టే చెప్పాను. ఏదీ పాపా, ఒకసారి చదువు, వింటాను.