మంచం దగ్గరికి వచ్చిన గొలుసు ప్రార్థన

యేసయ్య ప్రేమలో ఇక్కడ కూడుకున్న సహోదరీ సహోదరులారా, మీ అందరికీ నా వందనాలు. చీపురు పట్టే చేతికి మైకు పట్టడం అలవాటు లేదు, తడబడితే ఓర్చుకోండి, కానీ మా ఇంట్లో జరిగిన మేలు మీ మధ్య చెప్పకపోతే నాకు తిన్న అన్నం అరగదు!

మా అత్తమ్మ శాంతమ్మను ఎరగనివాళ్ళు ఈ మందిరంలో తక్కువ. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం చెబుతున్నాను, ఆదివారం పాస్టరు అయ్యగారు లేచి నిలబడకముందే మొదటి పాట ఎత్తుకునేది ఆమెనే, ఆమె ఎత్తుకుందంటే రెండో చరణం దగ్గర రాహేలమ్మక్క గొంతు పెంచి ఆ పాటను తన వైపు లాక్కోవాలని చూసేది, ఈమె వదిలేది కాదు, ఆ ఇద్దరి పోటీ మధ్య డప్పు కొట్టేవాళ్ళు నలిగిపోయేవాళ్ళు! అంత గొంతున్న మనిషి, చలి ముదిరిన రోజుల్లో ఒక పొద్దున అన్నం గంజి వంచుతూ గిన్నెతో సహా పక్కకు ఒరిగిపోయింది. పక్షవాతం అన్నారు. ఎడమ కాలు, ఎడమ చెయ్యి పడిపోయాయి, ఒంటికీ రెంటికీ అదుపు పోయింది. మాట మాత్రం మిగిలింది, దేవునికి స్తోత్రం, ఇంటిల్లిపాదినీ తిట్టడానికి సరిపడా మిగిలింది.

దవాఖాన నుండి గోపన్‌పల్లిలో మా కిరాయి గదికి తెచ్చుకున్నాం. నాది అద్దాల మేడలో హౌస్‌కీపింగ్ పని, మా ఆయన యాకోబు క్యాబ్ నడుపుతాడు, ఇద్దరిలో ఎవరం ఇంట్లో కూర్చున్నా పూట గడవదు. పొద్దున నేను ఆమె కింద రబ్బరు షీటు పరిచి, డైపర్ వేసి, అన్నం తినిపించి పరుగెత్తేదాన్ని. మధ్యాహ్నం వీలు చూసుకుని మా ఆయన వచ్చి మార్చేవాడు, కన్న కొడుకు చేత మార్పించుకోవలసి వచ్చిందని ఆమె ఆ కాసేపూ కొంగు ముఖం మీద వేసుకుని పడుకునేది. ఇక నీళ్ళు తాగడం మానేసింది. "నీళ్ళు తాగితే బట్ట తడుస్తది బిడ్డా, తడిస్తే నీకు పని, నాకు సిగ్గు" అనేది. సహోదరులారా, ఆఫీసు బాత్‌రూములో నేల మీద ఒక్క చుక్క కనబడితే ఎవరైనా జారిపడతారని పరుగెత్తి తుడిచేదాన్ని నేను, అదే వేళకు మా ఇంట్లో మా అత్తమ్మ తడిలో పడి ఉందని తలచుకుంటే ఆ తుడిచే గుడ్డ చేతిలో బరువెక్కిపోయేది.

మొదట తొడల సందుల్లో ఎర్రగా పొక్కింది, నీళ్ళు తగిలితే కేక పెట్టేది. తరువాత నడుము కింద, ఎముక పొడుచుకొచ్చే చోట, రూపాయి బిళ్ళంత ఎర్ర మచ్చ కనబడింది. చూడటానికి వచ్చిన మన అక్కలు ఊరుకుంటారా? ప్రతి ఒక్కరూ ప్రార్థన చేసిన కొబ్బరినూనె సీసా తెచ్చారు, ఒక్కొక్కరు కన్నీళ్ళతో ప్రార్థిస్తూ ఆ మచ్చ మీద గట్టిగా రుద్దారు, "రక్తం ఆడాలె, ఇంకా గట్టిగ రుద్దు సుగుణా" అని నాకు నేర్పారు, నేనూ రుద్దాను, పైన పౌడరు చల్లాను, కడిగే నీళ్ళలో డెట్టాల్ పోశాను, ఎవరో చెబితే గాలి కొట్టిన ట్యూబు తెచ్చి దాని మీద కూర్చోబెట్టాను. ప్రేమ ఎంత ఎక్కువైతే రుద్దుడు అంత గట్టిదైంది! ఆ మచ్చ నల్లబడి, మెత్తబడి, ఒకరోజు చిట్లిపోయింది. లోపల గుంట. వాసన. పక్క పోర్షన్ వాళ్ళు కిటికీ మూసుకున్నారు. దవాఖానలో డాక్టరు గారు చచ్చిన కండ తీసి, కట్టు కట్టి, ఇది ఎముకదాకా పోతే ప్రాణం మీదికి వస్తుందని ఉన్నమాట చెప్పి పంపారు.

ఇంటికి వచ్చిన మరునాటి పొద్దున అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని, "సుగుణా, బాగు చెయ్యుమని ప్రభువును అడగకు. తీస్కపొమ్మని అడుగు. నువ్వు అడిగితే ఇంటడు" అంది. నేను పనికి వెళ్ళి, మాపులూ బకెట్లూ పెట్టుకునే చిన్న గదిలో తలుపు వేసుకుని మోకరించాను. "యేసయ్యా, అత్తమ్మ చెప్పిన ప్రార్థన నా నోటికి రావడం లేదు. నాకు చేతులు రెండే, అవి పొద్దంతా ఇక్కడే ఉంటాయి. నువ్వు నాకు ఇంకేమీ ఇవ్వకు తండ్రీ, చేతులు పంపు, చేతులు పంపు!"

ఆ ఆదివారమే అయ్యగారు శాంతమ్మ కోసం గొలుసు ప్రార్థన అని చెప్పారు. మన పద్ధతి మీకు తెలిసిందే, ఒకరు మోకరించి ప్రార్థించి లేస్తుంటే ఇంకొకరు వచ్చి ఆ చోట మోకరించాలి, పొద్దున మొదలైన ప్రార్థన ఎక్కడా తెగకూడదు, అందుకే దానికి గొలుసు అని పేరు. ఆ రోజు కూకట్‌పల్లి నుండి మన సంఘానికి కొత్తగా వచ్చిన కృపావతమ్మ గారు ఆరాధన అయ్యాక నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఆమె ఆసుపత్రిలో నర్సు. "మీ అత్తగారిని ఒకసారి చూడొచ్చాండీ?" అని అడిగారు. దారి చూపిస్తానని రాహేలమ్మక్క కూడా వెంట బయలుదేరింది.

కృపావతమ్మ గారు చేతులు కడుక్కుని, అత్తమ్మ చెవి దగ్గర ఏం చేయబోతున్నారో చెప్పి, ఆమె సరేనన్నాకే దుప్పటి తీశారు. అంతవరకూ మేమెవరమూ అలా అడగలేదు, అడగాలని మాకు తోచనే లేదు. చూసి ఇలా చెప్పారు. "తొడల దగ్గర మంట తడి వల్ల వచ్చిందండీ, నడుము మీద పుండు ఒత్తిడి వల్ల వచ్చింది. రెండూ వేరు, కానీ ఒకదానికొకటి తోడు. తడిలో నానిన చర్మం నానిన కాగితంలాంటిది, ఊరికే చిరుగుతుంది."

"నూనె రుద్దుతున్నం సిస్టరమ్మా, ప్రార్థన చేసిన నూనె" అంది గుమ్మం దగ్గర నుంచే రాహేలమ్మక్క.

"నుదుటి మీద రాయండి, తల మీద రాయండి, దేవుడు అక్కడినుంచీ వింటాడు. ఇక్కడ రుద్దొద్దండీ. ఎముకకూ పరుపుకూ మధ్య కండ ఇప్పటికే నలిగింది, మనం పైనుంచి మళ్ళీ నలుపుతున్నాం."

ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. ఆ రోజే ట్యూబు తీయించారు, అది చుట్టూ నొక్కి రక్తం ఆడనివ్వదట. పౌడరు పక్కన పెట్టించారు, తడికి అది ముద్దకట్టి గీరుతుందట. డెట్టాల్ వద్దన్నారు. బట్ట తడిసిందని తెలిసిన వెంటనే గోరువెచ్చని నీళ్ళతో మెత్తని గుడ్డ పెట్టి తుడవాలని, తోమకూడదని, పసిపిల్ల బుగ్గ అద్దినట్టు అద్ది ఆరబెట్టాలని, తడి అంటకుండా పలచగా క్రీము రాయాలని చేసి చూపించారు. వీపు వెనుక దిండు పెట్టి ఓరగా పడుకోబెట్టారు, పిక్కల కింద ఇంకో దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా గాలిలో ఉంచారు. కట్టు దవాఖానలో చెప్పినట్టే మార్చాలన్నారు. నీళ్ళు మానితే మూత్రం చిక్కబడి మంట ఇంకా పెరుగుతుందని, నీళ్ళు తాగాలని, గుడ్డూ పప్పూ తినాలని అత్తమ్మకే చెప్పారు. చివరికి, "అన్నిటికంటే ముఖ్యం, రెండు గంటలకొకసారి పక్క మార్చాలండీ. ఈడ్చకూడదు, కింది దుప్పటి పట్టుకుని ఇద్దరు లేపాలి" అన్నారు.

రెండు గంటలకొకసారి! ఎవరు మార్చాలి? నేను అద్దాల మేడలో, మా ఆయన రోడ్డు మీద! నేను గోడకు ఆనుకుని ఏడుస్తుంటే కృపావతమ్మ గారు రాహేలమ్మక్క వైపు తిరిగి, "గొలుసు ప్రార్థన ఎక్కడ చేస్తారండీ?" అని అడిగారు.

"మందిరంల. ఒకరి ఎన్క ఒకరు. తెగనియ్యం."

"ఆ గొలుసు ఈ మంచం దగ్గర కట్టుకుంటే దేవుడు వద్దంటాడా అండీ?"

సహోదరులారా, అప్పుడు నాకు వెలిగింది! చేతులు పంపమని అడిగాను, సంఘమంతటి చేతులూ అక్కడే ఉన్నాయి, మందిరంలో మా కోసమే పైకెత్తి ఉన్నాయి! కానీ అత్తమ్మ కుడి చేత్తో కొంగు ముఖం మీదికి లాక్కుని, "వద్దు! నా సిగ్గు సంఘం ముంగట పెడ్తవా సుగుణా? పాట ఎత్తుకున్న నోరు నాది. ఇగ వాళ్ళొచ్చి నా కింద కడుగుతరా? ముక్కు మూసుకోని పోతరు. నేనిట్లనే పోత" అని గట్టిగా ఏడ్చింది. పడిపోయిన నాడు కూడా ఆమె అలా ఏడవలేదు. ఆమె ఒప్పుకోకపోతే ఇక దారి లేదని నాకు తెలుసు.

అప్పుడు రాహేలమ్మక్క గుమ్మం దాటి లోపలికి వచ్చింది. కొంగు నడుముకు దోపింది.

"ఏందే శాంతమ్మ, ఇన్నేండ్లు నీ పాటకే చెవులు మూసుకోలే, గిప్పుడు ముక్కు మూసుకుంటనా? జరుగు జర."

"జరగొస్తే గిట్లెందుకు పండుకుంట?" అంది అత్తమ్మ కొంగులో నుంచే.

"సరే తియ్యి, నేనే జరుపుత. నన్ను తిట్టుకుంటనే ఉండు, నీకు టైం పాసైతది."

కొంగు కింద నుంచి నవ్వు వినబడింది, ఏడుపులో కలిసిన నవ్వు! అప్పటికే బట్ట తడిసి ఉంది. రాహేలమ్మక్క కృపావతమ్మ గారిని అడిగి అడిగి, తోమకుండా తుడిచి, అద్ది, క్రీము రాసి, మా ఇద్దరితో కలిసి దుప్పటి పట్టి పక్క మార్చి, చేతులు కడుక్కుని, కొంగు తల మీదికి తీసుకుని ఆ మంచం కోడు దగ్గరే మోకరించింది. ఆ ప్రార్థన నేను చచ్చేదాకా మరువను. "ప్రభువా, ఈ ముసల్దాన్ని గప్పుడే తీస్కపోకు. ఇది పోతే నాతో పోటీకి ఎవరున్నరు? నా పాట ఎవరి కోసం పాడాలె? దీని నడుం మీద నీ చెయ్యి పెట్టు తండ్రీ, నా చెయ్యి ముందే పెట్టిన!"

అత్తమ్మ ఆమేన్ అంది.

మరునాటి నుండి గొలుసు మా గదికి వచ్చింది. నల్లగండ్ల అపార్ట్‌మెంట్లలో వంట చేసే అక్కలు ఒక ఇంటి పనికీ ఇంకో ఇంటి పనికీ మధ్య ఇద్దరిద్దరుగా వచ్చారు, సెలవున్నవాళ్ళు జంటగా వచ్చారు, రాత్రిపూట నేనూ మా ఆయనా పట్టుకున్నాం. వచ్చినవాళ్ళు మొదట పక్క మార్చేవాళ్ళు, బట్ట చూసేవాళ్ళు, నీళ్ళు తాగించేవాళ్ళు, ఆ తరువాతే మోకాళ్ళు. వెళ్ళేవాళ్ళు వచ్చేవాళ్ళతో, "కుడి పక్కకు ఉంది, గొలుసు అందుకో" అని చెప్పి కదిలేవాళ్ళు. చెప్పకుండా కదిలితే అత్తమ్మే అరిచేది!

ముందు తొడల మంట చల్లారింది. ఒక సాయంత్రం నేను పని నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే, "ఓ సుగుణా, నీళ్ళియ్యి, చెంబు నిండా పొయ్యి!" అని అత్తమ్మ కేకేసింది. ఆ చెంబు ఆమె గటగటా తాగుతుంటే నేను గుమ్మంలోనే కూర్చుండిపోయాను. తడుస్తానన్న భయం పోయింది సహోదరులారా, తడిస్తే తుడిచే చేతులున్నాయని ఆమెకు నమ్మకం కలిగింది! నాకు ఆ రోజే పుండు మానినంత సంతోషం.

మధ్యలో ఎండలు ముదిరినప్పుడు జ్వరం వచ్చి మమ్మల్ని పరేషాన్ చేసింది. పుండులో చీము పట్టిందని దవాఖానలో చేర్చుకున్నారు, మందులెక్కించారు. నేను భయపడ్డాను, ఇంతా చేస్తే ఇదా అనుకున్నాను, కానీ వార్డు మంచం దగ్గరికి కూడా రాహేలమ్మక్క వచ్చి, అక్కడి నర్సమ్మను అడిగి పక్క మార్చి, "ఎడమ పక్కకు ఉంది, ఫికర్ చెయ్యకు, గొలుసు అందుకో" అంది నాతో. అందుకున్నాను. జ్వరం దిగింది.

ఆ తరువాత కట్టు విప్పిన ప్రతిసారీ పుండు అడుగు మారుతూ వచ్చింది, పసుపుపచ్చ పోయి దానిమ్మ గింజల ఎరుపు వచ్చింది. "ఇది బ్రతికిన ఎరుపండీ!" అని కృపావతమ్మ గారు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. అంచులు దగ్గరికి జరిగాయి, గుంట పూడింది, వానలు పడేనాటికి పుండున్న చోట లేత చర్మం మెరిసింది. డాక్టరు గారు చూసి, మానిపోయింది, కానీ ఆ చర్మం ఇంకా బలహీనం, పక్క మార్చడం ఆపవద్దన్నారు. ఆ సాయంత్రం మా గదిలో పాడిన పాటకు పక్క పోర్షన్ వాళ్ళు కిటికీ తెరిచారు! దేవునికే మహిమ! హల్లెలూయ!

ఎడమ చెయ్యి ఇంకా లేవలేదు, అదుపు ఇంకా రాలేదు, నేను అబద్ధం చెప్పను. కానీ చావడానికి ప్రార్థన చేయించుకోబోయిన మనిషి ఇదిగో, చక్రాల కుర్చీలో, మెత్త మీద, మీ మధ్యనే కూర్చుని ఉంది, ఇవాళ మొదటి పాట ఎత్తుకుంది ఎవరో మీరే విన్నారు, రెండో చరణం దగ్గర దాన్ని ఎవరు లాక్కున్నారో కూడా విన్నారు!

చేతులు పంపమని అడిగితే పంపిన దేవుడు ఆయన. మీ ఇంట్లో మంచం పట్టినవాళ్ళుంటే సిగ్గుపడి తలుపులు వేసుకోకండి, ప్రభువును నమ్మండి, నర్సును పిలవండి, మమ్మల్నీ పిలవండి. మన సంఘంలో ఒక సహోదరుడి తండ్రి ఇప్పుడు అలాగే పడి ఉన్నాడు, రేపటి నుండి గొలుసు వాళ్ళ ఇంట్లో. సహోదరులారా, ఆయన మగమనిషి, ఈసారి మీ చేతులు కావాలి.

ఇంకా చెప్పాలని ఉంది, కానీ వెనుక నుంచి రాహేలమ్మక్క గోడ గడియారం చూపిస్తోంది, కుర్చీలో అత్తమ్మను ఒక పక్కకు ఒరిగించే వేళయింది. వస్తున్నానక్కా, అందుకుంటున్నాను.